మంచం కింద అలక

“రానంటోంది. మంచం కింద దూరింది,” అన్నాడు భర్త ఫోనులో.

టీచరమ్మ ఫోనుని మొహానికి దగ్గరగా తెచ్చుకుంది. క్రిస్మస్ పూట మూసి ఉన్న బడికి వచ్చి, వాచ్‌మన్‌ని బతిమాలి తాళం తీయించుకుని, చలికి కొయ్యబారిన వేళ్లతో వీడియో కాల్ చేసింది ఈ మాట వినడానికా? ఆమె ఉండే గదిలో నెట్ అందదు. అందుకే ఈ పరాయి దేశానికి వచ్చిన రెండేళ్లుగా, రోజూ ఇదే వేళకి, ఇదే క్లాసురూములో బ్లాక్‌బోర్డు ముందు కూర్చుని నాలుగేళ్ల కూతురితో మాట్లాడుతోంది. తక్కిన రోజంతా ఎలా గడిచినా, ఆ పావుగంట కోసమే ఆమె బతుకుతోంది.

“ఏమైనా అన్నారా దాన్ని?”

“నేనేమంటాను? పొద్దున్నుంచీ ఇల్లంతా గెంతుతూనే ఉంది. నువ్వు పంపిన గౌను వేసుకుని అద్దం వదల్లేదు. ఫోను మోగేసరికి మొహం మాడ్చుకుంది.”

“గౌను సరిపోయిందా?”

“కాస్త పొట్టయింది. ఎదుగుతోందిగా మరి.”

ఆమెకి కలుక్కుమంది. ఫోనులో జానెడు కనిపించే పిల్ల నిలబడితే ఎంతుంటుందో కన్నతల్లికైనా ఎలా తెలుస్తుంది?

ఆయన వంగి ఫోను మంచం కింద పెట్టాడు. ఆ చీకట్లో ముడుచుకున్న రెండు పాదాలు, ఎర్ర గౌను అంచు కనిపించాయి. ఒక పాదానికి పట్టీ ఊడి వేలాడుతోంది. చెయ్యి చాపి పెట్టేద్దామన్నంత దగ్గరగా ఉంది.

“చిన్నీ, ఇటు చూడమ్మా. నిన్న నేర్పిన పాట ఒక్కసారి పాడవూ?”

పాదాలు ఇంకాస్త వెనక్కి జరిగాయి.

“పోనీ ఇరవై దాకా అంకెలు చెప్పు, చాలు.”

ఎర్ర గౌను అంచు కూడా చీకట్లోకి పోయింది. రోజూ అయితే ఆ పిల్ల ఠంచనుగా వచ్చి, చేతులు కట్టుకుని కూర్చుని, అడిగినవన్నీ గడగడా అప్పజెప్పేస్తుంది. నా కూతురు ఎంత బుద్ధిమంతురాలో అని ఈమె ఇక్కడి వాళ్లందరికీ చెప్పుకుని మురిసిపోతుంది.

“దానికి నా మీద కోపమండీ,” అంది. “పండక్కి అందరి అమ్మలూ ఇంట్లో ఉన్నారు, నేనొక్కదాన్నే లేను.”

“అంత దూరం ఆలోచిస్తుందా, పసిపిల్ల?”

“మీకు తెలీదు. కన్నదాన్ని, నాకు తెలుసు.”

కన్నీళ్లు బొటబొటా రాలాయి. చిత్రమేమిటంటే, అంత ఏడుపులోనూ ఆమెకి కాస్త సంతోషంగానే ఉంది. అలిగిందంటే అమ్మ కావాలనేగా. ఆ పాటలూ అంకెలూ అన్నీ ఒక ఎత్తు, ఈ అలక ఒక్కటీ ఒక ఎత్తు.

“ఇంక నా వల్ల కాదండీ. ఈ ఏడాదితో ఉద్యోగం మానేసి వచ్చేస్తాను.”

ఆయన ఫోనుని మంచం కింద నుంచి తీసి మొహం ముందు పెట్టుకున్నాడు. “నిజంగా అంటున్నావా?”

“నిజంగానే. ముందు దాన్ని బుజ్జగించి బయటికి తీసుకురండి. ఆ మాట నేనే చెబుతాను. దాని నోటితో అమ్మా అని పిలిపించుకోవాలి నేను.”

ఆయన ఫోనుని మంచం మీద పడేసి పిల్లని ఒళ్లోకి లాక్కున్నాడు. ఇప్పుడు తెర మీద పైకప్పూ, తిరుగుతున్న ఫ్యానూ తప్ప ఏమీ లేవు. మాటలు మాత్రం స్పష్టంగా వినిపిస్తున్నాయి. ఆమె గబగబా కళ్లు తుడుచుకుంది. చెదిరిన జుట్టు వెనక్కి దువ్వుకుని, ఫోనుని చెవికి ఆనించుకుంది.

“ఎందుకమ్మా ఈ అలక? నాన్నకి చెప్పవూ?”

పిల్ల ముక్కు ఎగబీల్చింది.

“పండగ రోజు కూడా క్లాసేంటి నాన్నా? ఆ టీచరుకి ఇంట్లో పిల్లల్లేరా?”