బెల్టు లేని ఫ్యాను

"ఇంకొక్కసారి ఈ లారీ దారిలో మరిగిందంటే దీన్ని పాత ఇనుము కింద తూకానికేస్తా. నువ్వు ఇంట్లో కూర్చుందువుగాని, పెద్దాయనా!"

ఓనరు ఆ మాట షెడ్డంతా వినేలా అన్నాడు. డ్రైవరు తల వంచుకుని తన చెప్పులు చూసుకున్నాడు. బానెట్టు కింద సగం దూరి ఉన్న మేస్త్రీకి ఒళ్లు మండింది. పాతికేళ్లు ఈ లారీయే లోకంగా బతికిన మనిషిని కూరలో కరివేపాకులా తీసిపారేయడానికి నోరెలా వస్తుందో!

ఓనరు మేస్త్రీ వైపు తిరిగాడు. "ఈ ఏడాదిలో నాలుగుసార్లు మరిగింది. అదీ ఎక్కడ? ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు కాదు. కొండ దిగాక, ఆ ఇళ్ల వరస దగ్గర. నాలుగుసార్లూ అక్కడే! కొండెక్కిన బండి చదును రోడ్డు మీద మరగడమేంటయ్యా?"

"పాతకాలం ఫ్యాను కదండీ. ఇంజను బెల్టును తిప్పాలి, బెల్టు ఫ్యానును తిప్పాలి. బెల్టు జారితే గాలి రాదు. గాలి లేకపోతే రేడియేటర్లో నీళ్లు మరక్క చల్లగా ఉంటాయా? అందుకే కరెంటు ఫ్యాను పెట్టేస్తున్నా. సాయంత్రానికి బండి మీది."

"చూద్దాం," అని ఓనరు వెళ్లిపోయాడు. ఆ ఒక్క మాటలోనే సగం తూకం వేసేసినట్టుంది.

మేస్త్రీ పాత ఫ్యాను విప్పబోతూ ఆగాడు. బెల్టు బాగానే ఉంది. నిన్నమొన్న వేసినట్టుంది. దాన్ని బిగించి ఉంచే బోల్టు మాత్రం వదులుగా ఊగుతోంది. దాని తల మీద పానా పట్టిన గీతలు తళతళలాడుతున్నాయి.

"బాబాయ్, ఈ బోల్టు ఎవరు తిప్పారు?"

"ఏమో మేస్త్రీ. కుదుపులకి వదులైందేమో."

"కుదుపులకి పానా గీతలు పడతాయా?"

డ్రైవరు తువ్వాలు దులిపి భుజం మీద వేసుకున్నాడు. మేస్త్రీ రెట్టించలేదు. చూపు ఆనని వయసు, బిగించబోయి అటు తిప్పాల్సింది ఇటు తిప్పుంటాడు అనుకున్నాడు. ఆ మాట ఓనరు చెవిన పడితే ఇవాళే ఆఖరు రోజవుతుంది.

ఈ లారీ మరగడమంటే ఆయనకెంత భయమో మేస్త్రీకి తెలుసు. తొమ్మిదేళ్ల కిందట భార్యకు గుండెనొప్పి వస్తే ఇందులోనే ఆసుపత్రికి బయల్దేరాడు. సగం దారిలో నీళ్లు మరిగి బండి నిలిచిపోయింది. కూతురు ఖాళీ డబ్బా పట్టుకుని రోడ్డు పక్క తలుపులన్నీ కొట్టింది. మండుటెండలో ఒక్క తలుపూ తెరుచుకోలేదు. ఆ పిల్ల అదే డబ్బాతో తిరిగొచ్చేసరికి తల్లి ప్రాణం పోయింది.

రేడియేటరు కారుతోంది, చూపించుకోమని తల్లి నెల రోజులుగా పోరుతుంటే "ఈ ఒక్క ట్రిప్పు కానీ" అని దాటేసింది తండ్రే. ఆ పాపం కూతురు మరిచిపోలేదు. పెళ్లి చేసుకుంది, తండ్రిని పిలవలేదు.

"అమ్మాయి ఏమైనా మాట్లాడుతోందా బాబాయ్?"

"లేదు."

"ఫోను?"

"నా నంబరు కనబడితే ఎత్తదు. గుమ్మం దాకా రెండుసార్లు వెళ్లా. రెండుసార్లూ మొహాన తలుపేసింది. దాని తప్పేముందిలే."

మేస్త్రీ మళ్లీ పానా అందుకున్నాడు. బతికుండగానే కూతుర్ని పోగొట్టుకోవడం కన్నా నరకం ఇంకేముంటుంది? కనీసం ఈ స్టీరింగన్నా ఆయన చేతిలోంచి జారిపోకూడదనుకుని పనిలో పడ్డాడు. పాత ఫ్యానూ బెల్టూ తీసి మూలకు విసిరాడు. రేడియేటరుకు కరెంటు ఫ్యాను బిగించాడు. బ్యాటరీ నుంచి వైరు లాగి, మధ్యలో ఫ్యూజు పెట్టి, నీళ్ల వేడి కనిపెట్టే సెన్సరుకు కలిపాడు. ఇంజను స్టార్టు చేశాడు.

మీటరు ముల్లు మెల్లగా పైకి పాకింది. గీత దగ్గరికి రాగానే ఫ్యాను గిర్రున తిరిగింది. ముల్లు కిందికి దిగింది.

"చూశావా బాబాయ్! నీళ్లు వేడెక్కడమే ఆలస్యం, దానంతటదే తిరుగుతుంది. నువ్వు వేలు పెట్టే పనే లేదు. ఇక ఈ జన్మకి ఈ బండి మరగదు!"

సంతోషిస్తాడనుకున్న మనిషి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"దీన్ని ఆపాలంటే ఎలా?"

"ఆపడం దేనికి?"

"స్టీరింగు కింద ఒక స్విచ్చి పెట్టు మేస్త్రీ. ఓనరుకి కనపడకుండా."

"మతి పోయిందా బాబాయ్? ఫ్యాను ఆపి బండి నడిపితే కాసేపట్లో నీళ్లు మరుగుతాయి. ఓనరు మాట విన్నావు కదా!"

"విన్నాను."

"లారీ పోతుంది. నీ పనీ పోతుంది."

"పోయేలోగా ఇంకొక్క ట్రిప్పైనా ఉంటుంది. పెట్టు."

మేస్త్రీ చేతిలో పానా ఆగిపోయింది. మూలనున్న బెల్టు వంక చూశాడు, డ్రైవరు వంక చూశాడు.

"అయితే ఆ బోల్టు..."

"నేనే వదులు చేశా. నాలుగుసార్లూ."

"కంచే చేను మేయడమంటే ఇదే! నిన్ను వెనకేసుకొచ్చా చూడు, నన్ననుకోవాలి." మేస్త్రీ గొంతు లేచింది. "పిన్ని ప్రాణం తీసింది ఈ మరుగుడే కదా! మళ్లీ నీ చేత్తో నువ్వే మరిగిస్తావా? అంత దిక్కుమాలిన పని ఎందుకు చేశావు? ఎందుకు?"

డ్రైవరు ఫుట్‌బోర్డు మీద కూలబడ్డాడు. భుజం మీది తువ్వాలుతో మొహం అదిమి తుడుచుకున్నాడు.

"ఆ ఇళ్ల వరస దగ్గర ఎవరి లారీ మరిగినా మా అమ్మాయి నీళ్లు తెస్తుంది, మేస్త్రీ."