తెల్లబడిన పగడం

గాజు తొట్టికి కొత్త దీపం బిగించారు. వెలుగు బాగా ఎక్కువ కావడంతో, అలవాటు పడేదాకా పగడాలన్నిటినీ అడుగున నీడలోకి దించారు. చామనఛాయ పగడానికి అది నచ్చలేదు. "పీత మామా, నన్ను ఆ పైరాయి మీద కూర్చోబెట్టవూ" అని వెంటపడింది. పోరు పడలేక పీత మోసుకెళ్ళి కూర్చోబెట్టింది.

వారం తిరక్కుండానే పగడం పాలరంగుకు వచ్చింది. "చూశావా మామా, ఎంత తెల్లబడ్డానో" అని మురిసిపోయింది.

పీత గబగబా దగ్గరికి పాకింది. "పిచ్చిదానా, నీ ఒంట్లో కాపురముండి నీకింత తిండి పెట్టే నాచు ఆ వెలుగుకు తాళలేక వెళ్ళిపోయింది. నీ రంగు దానిదే. ఇక నీకు పస్తులే. కిందికి దింపమంటావా?"

పగడం తెల్లబోయింది. ముందే తెల్లగా ఉండటంతో పీతకు తేడా తెలియలేదు. తన మాట చెవికెక్కలేదనుకుని విసుక్కుంటూ వెళ్ళిపోయింది.