రెండు మీటర్లు

చీకటి పడిపోయింది. స్నోయీ మౌంటెన్స్‌లో ఆ మంచువాలు దాటితేగానీ రాత్రికి తలదాచుకునే హట్ రాదు. బరువుకి మంచు విరిగిపడొచ్చు, అందుకే ఒకరు దాటాకే ఇంకొకరు బయల్దేరాలి. ముందు ఎబెన్ వెళ్లాడు. పొగమంచు అతని లైటుని మింగేసింది. ధబ్బుమని ఏదో కూలిన చప్పుడు. ఇవతలే ఉన్న భార్య హెలెనా చెవులు రిక్కించింది.

"దాటేశా, సేఫే! వచ్చెయ్!" అవతల గట్టునించి ఎబెన్ గొంతు.

హమ్మయ్య అనుకుంది. దారి కనబడక, మంచులో కూరుకున్నవాళ్లని పట్టిచ్చే బీకన్‌లో ఎబెన్ ఎంత దూరమో చూసుకుంటూ నడిచింది. ఇరవై మీటర్లు. పది. సగం వాలులోనే రెండు చూపించింది. చుట్టూ ఎవరూ లేరు. కాళ్లకింద అప్పుడే విరిగిపడ్డ మంచుగడ్డలు.

"రావేంటే?" అవతలనించి మళ్లీ.

ఆమె పార తీసి తవ్వింది. మోచేతి లోతున ఎబెన్ ఎర్ర గ్లవ్ కనబడింది. దాని వేళ్లు కదిలాయి.

"తవ్వకు," అంది ఎబెన్ గొంతు, సరిగ్గా ఆమె చెవి పక్కన.

హెలెనా తల తిప్పలేదు. ఇంకా గట్టిగా తవ్వింది.