డల్లాస్ మైళ్ళు

రాధాకృష్ణ పోయిన రోజునే, ఆయన్ని అన్నయ్యా అని పిలిచే స్నేహితుడు భాస్కర్, విమాన ప్రయాణాలకి జమయ్యే మైళ్ళ సంగతి ఎత్తాడు. ఆసుపత్రి పార్కింగ్ లాట్‌లో విజయశ్రీ కోసం కారు తలుపు తెరిచి పట్టుకుని, "వదినగారూ, అన్నయ్య ఎయిర్‌లైన్ కార్డు ఎక్కడుందో కాస్త చూసి దాచండి" అన్నాడు. గుండె ఆగిపోయిన మనిషిని లోపల వదిలి వచ్చి అయిదు నిమిషాలైనా కాలేదు. ఆమె ఆ మాటను మరిచిపోలేదు.

ఆరు వారాల తర్వాత, ఒక శనివారం మధ్యాహ్నం, అతను నెవార్క్ విమానాశ్రయానికి దగ్గర్లో పార్సిప్పనీలో ఉన్న ఆమె అపార్ట్‌మెంట్‌కి వచ్చాడు. పలకరించడానికి రాలేదని చేతిలోని మందపాటి కవరే చెబుతోంది. ఆమె కూర్చోమనలేదు. అతనే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"మైల్స్ మీ పేరుకి మార్చారట కదా?"

"మార్చారు. డెత్ సర్టిఫికెట్ పంపించాను, మార్చారు. లక్షన్నర. లండన్ మీదుగా బొంబాయికి రెండు టికెట్లొస్తాయి. నాకొకటి, రేణుకొకటి."

"అందులో సగం పైన నావి."

విజయశ్రీ అతని మొహంలోకి సూటిగా చూసింది.

"ఆయన అస్థికలు పక్క గదిలో ఉన్నాయి. నా కూతురు చేత గోదావరిలో కలిపించాలి. డబ్బు పెట్టి టికెట్లు కొనే స్థితిలో లేను. ఈ నెలాఖరులోగా బుక్ చేయకపోతే ఈ మైల్స్ కూడా ఎక్స్‌పైర్ అయిపోతాయి. ఇదంతా తెలిసే వచ్చారా?"

"తెలిసే వచ్చాను. జనవరిలో మా తమ్ముడి పెళ్ళి. నాకు ఒక్క టికెట్ ఇస్తే చాలు."

"పెళ్ళి భోజనానికి వెళ్ళడానికి నా మొగుడి మైళ్ళు కావలసి వచ్చాయా?"

"మీ మొగుడివి కావంటున్నానుగా."

"కావా? ఆ మైళ్ళలో ఆయన నిద్ర ఉంది. నడుంనొప్పి ఉంది. రేణు పుట్టినరోజుకి హోటల్ గదిలోంచి ఫోన్‌లో పాడిన పాట ఉంది. కొన్నదానికల్లా మైలు వస్తుందని పాల దగ్గర్నుంచి సోఫా దాకా ఆ క్రెడిట్ కార్డు మీదే కొన్నాం. మీరేం చేశారు?"

"విమానం ఎక్కాను" అన్నాడు భాస్కర్.

కవరు తెరిచి బల్ల మీద కుమ్మరించాడు. అన్నీ వాడేసిన టికెట్ ముక్కలే. నెవార్క్ నుంచి డల్లాస్, డల్లాస్ నుంచి నెవార్క్. ప్రతిదాని మీదా రాధాకృష్ణ పేరే ఉంది.

"పేరు అన్నయ్యది. ఎక్కింది నేను. డొమెస్టిక్ ఫ్లైట్‌లో నువ్వెవరివని అడిగేవాడెవడు? ఇద్దరి మైళ్ళూ ఆయన కార్డు నంబర్‌లోనే పడితే త్వరగా టికెట్లొస్తాయని ఆయనే అన్నాడు."

"అబద్ధం. ఇవి ఆయన బ్రీఫ్‌కేస్‌లోవి. చావింటికి వచ్చి తీసుకెళ్ళారు. ఇంకేమేం తీసుకెళ్ళారో చెప్పండి, అవీ రాసుకుంటాను."

భాస్కర్ లేచి నిలబడ్డాడు. "నోరు అదుపులో పెట్టుకోండి. ఆడమనిషని ఊరుకుంటున్నాను. ఇదిగో, నేను ఏ రోజుల్లో డల్లాస్‌లో పనిచేశానో రాసి మా క్లయింట్ సంతకం పెట్టిన టైమ్‌షీట్లు. ఒక్క తేదీ తప్పినా లేచి వెళ్ళిపోతాను."

"కూర్చోండి. ఎలాగూ తప్పుతుంది."

ఆమె సొరుగులోంచి ఆ ఏడాది ప్రయాణాల లెక్కలున్న ఎయిర్‌లైన్ స్టేట్‌మెంట్లు తీసింది. పెన్సిల్ పట్టుకుని ఒక్కొక్క వరసా చూడడం మొదలుపెట్టింది. జనవరి ప్రయాణాలకు భాస్కర్ దగ్గర ఏమీ లేదు. ఫిబ్రవరికీ లేదు. ఆమె తలెత్తి చూసింది.

"అవి అన్నయ్యవే. నావి కావని నేనే చెబుతున్నాగా. మార్చి చూడండి" అన్నాడు.

మార్చి మొదటి వరసకి టికెట్ ముక్క దొరికింది, టైమ్‌షీటూ దొరికింది. రెండోదానికీ దొరికాయి. ఏప్రిల్, మే, జూన్. వేసవి దాటింది. చిట్టచివరి వరస దాకా ఒక్కటీ తప్పలేదు.

"ఇందులో ఆయన ఎక్కినవి..."

"మార్చి నుంచి ఒక్కటీ లేదు. ఫిబ్రవరితో ఆయన డల్లాస్ ప్రాజెక్ట్ అయిపోయింది కదా. ఇక్కడి ఆఫీస్‌లోనే వేశారు. 'నేనింక ఇంటిపట్టునే ఉంటానురా, మిగతాది నువ్వు నింపు' అన్నాడు. మీకు తెలియనిదేముంది?"

విజయశ్రీ పెన్సిల్ కింద పెట్టింది.

"తెలుసు" అంది.

తర్వాత ఆమె మైళ్ళకి బదులు టికెట్లు అడిగే అవార్డ్ ఫారం తీసింది. ప్రయాణికుల పేర్లు రాయాల్సిన చోట తన పేరూ రేణు పేరూ ఎప్పుడో రాసి ఉంచింది. రెండూ కొట్టేసింది. పైన భాస్కర్ పేరు, అతని భార్య పేరు రాసింది. కింద సంతకం చేసి ఫారాన్ని అతని ముందుకు తోసింది.

"రెండూ తీసుకోండి."

భాస్కర్ ఫారం ముట్టుకోలేదు. "నేనడిగింది ఒక్కటే. మరి అన్నయ్య అస్థికలు?"

"అది నా బాధ. ఒక్క షరతు. ఈ విమానాలు మీరు ఎక్కారని ఎక్కడా అనకూడదు. రేణు దగ్గర అసలే అనకూడదు. ఈ టికెట్ ముక్కలన్నీ ఇక్కడే వదిలి వెళ్ళండి."

"ఎయిర్‌లైన్ వాళ్ళకి తెలిస్తే క్యాన్సిల్ చేస్తారని భయమా?"

"అలాగే అనుకోండి. ఇంక వెళ్ళండి."

అతను ఏదో అనబోయాడు. ఆమె తలుపు తీసి పట్టుకుంది.

జనవరిలో భాస్కర్, అతని భార్య బొంబాయి విమానం ఎక్కారు. విజయశ్రీ పార్సిప్పనీలోనే ఉండిపోయింది.

మార్చి నుంచి అక్టోబరులో పోయేదాకా ప్రతి సోమవారం డల్లాస్‌కని బయలుదేరిన రాధాకృష్ణ ఎక్కడికి వెళ్ళేవాడో ఆమె ఇంకా ఎవరినీ అడగలేదు.