మింగేసిన శ్లోకం

తలుపుకు అంటించిన చీటీ చూడగానే పంతులమ్మకు పై ప్రాణాలు పైనే పోయాయి.

"సాయంత్రం ఐదింటికి కిందకి రా. పొద్దున్నే నువ్వు చదివేదాని గురించి మాట్లాడాలి." కింద ఇంటావిడ సంతకం.

పంతులమ్మంటే పిల్లలకు పాఠాలు చెప్పే మనిషి కాదు. ఈ పరాయి దేశంలో ఆమె మందుల తయారీ చదువుకుంటోంది. తెల్లారేసరికి కళ్ళు మూసుకుని శ్లోకాలు వల్లిస్తుంది కాబట్టి అదే గదిలో అద్దెకుండే అక్క ఆ పేరు పెట్టింది.

"ఖాళీ చెయ్యమంటుందేమో అక్కా."

"నిన్నే అంటుంది. నాకేం భయం? నేను నోరు తెరవగా ఆవిడ ఎప్పుడూ వినలేదు" అంది అక్క బ్రెడ్డు కాలుస్తూ. "అయినా ఆ గంట మోగించొద్దని ఎన్నిసార్లు చెప్పాను? నువ్వు మొదలుపెట్టగానే కింద వంటింట్లో లైటు వెలుగుతోంది. పాపం, ముసలావిడ నిద్ర చెడగొట్టావు."

గంట మోగించక తప్పదు. నలభై శ్లోకాలు, పదేసి చొప్పున నాలుగు భాగాలు. ఒక్కో శ్లోకం రెండుసార్లు నిదానంగా చెప్పాలి, భాగం ముగియగానే గంట కొట్టాలి. అది శ్లోకాలు నేర్పే మాస్టారి పద్ధతి. ఆయన దగ్గర పుస్తకం ముట్టుకోకూడదు, రికార్డు చేసుకోకూడదు. ఆయన ఫోన్లో చెబుతారు, చెవిన పడ్డది నోటికి రావాలి.

రేపు ఆదివారం. ఆయనకు నలభై శ్లోకాలూ అప్పజెప్పాలి. పోయిన రెండు ఆదివారాలూ అంతా విని ఒకే మాట అన్నారు. "ఒకటి తగ్గిందమ్మా."

"ఏది మాస్టారూ?"

"నేను చెప్పను. నోరు పోగొట్టుకున్నది నోరే వెతుక్కోవాలి."

మూడోసారి కూడా తగ్గితే మళ్ళీ మొదటి శ్లోకం నుంచి మొదలుపెట్టాలి. ఏడాది కష్టం బూడిదలో పోసిన పన్నీరవుతుంది. వేళ్ళు మడుస్తూ లెక్కపెడదామంటే, లెక్క మీద ధ్యాస పెడితే శ్లోకం జారిపోతుంది, శ్లోకం మీద పెడితే లెక్క జారిపోతుంది. అక్కను లెక్కపెట్టమని బతిమాలితే ఐదో శ్లోకానికే గుర్రు పెట్టింది.

ఇప్పుడు గోరుచుట్టు మీద రోకటిపోటులా ఈ చీటీ. ఆ రోజంతా ల్యాబులో పంతులమ్మ తూచిన పొడే మళ్ళీ తూచింది. బస్సులో దిగాల్సిన స్టాపు దాటిపోయి వెనక్కి నడిచొచ్చింది.

ఐదింటికి కింద వంటింట్లో ఇంటావిడ బల్ల ముందు కూర్చుని ఉంది. బల్ల మీద రెండు టీ కప్పులు, గుడ్డ కప్పిన బుట్ట. ఆవిడ ముఖంలో నవ్వు లేదు.

"రెండు వారాలుగా ఓపిక పట్టాను. ఇక నా వల్ల కాదమ్మాయ్."

"తప్పయిపోయింది ఆంటీ. రేపటి నుంచి గంట మోగించను. గొంతు కూడా తగ్గించి..."

"గొంతు తగ్గిస్తే నాకెలా వినపడుతుంది? గంట మానేశావంటే అసలు ఊరుకోను."

పంతులమ్మ నోట్లో టీ నోట్లోనే ఉండిపోయింది.

"పోయిన నెల శుభ్రంగా చదివావు. తర్వాత పరీక్షలని పది రోజులు మానేశావు. మళ్ళీ మొదలుపెట్టిన దగ్గర్నుంచి రోజూ ఒకటి మింగేస్తున్నావు. రెండో గంటకీ మూడో గంటకీ మధ్యలో."

"మూడో భాగంలోనా?"

"అక్కడే. ఏదీ, చెప్పు."

పంతులమ్మ కప్పు పక్కన పెట్టి కళ్ళు మూసుకుంది. ఒక్కో శ్లోకానికి ఇంటావిడ బల్ల మీద వేలితో కొట్టింది. తొమ్మిది దెబ్బలతో భాగం అయిపోయింది.

"చూశావా? మళ్ళీ చెప్పు. మెల్లిగా."

ఈసారి ఒక్కో మాటా తడుముకుంటూ వెళ్ళింది. ఆరోదాని దగ్గర నాలుక ఆగింది. ఆరోదీ ఏడోదీ ఒకే మాటలతో మొదలవుతాయి. ఇన్నాళ్ళూ ఆరోది ఎత్తుకుని ఏడోదానితో ముగించేస్తోంది. తప్పిపోయిన సగాలు రెండూ ఒకదాని వెనక ఒకటి, మందను వెతుక్కుంటూ వచ్చిన మేకపిల్లల్లా నోట్లోకి వచ్చేశాయి. బల్ల మీద పదో దెబ్బ పడింది.

పంతులమ్మకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. లేచి ఆవిడను గట్టిగా వాటేసుకుంది.

"ఆంటీ, మీకు మా శ్లోకాలు వచ్చా?"

"ఒక్క ముక్క రాదు. నువ్వు చదివేది దేవుడి గురించో వంకాయల గురించో కూడా తెలీదు."

"మరి మా మాస్టారు పట్టుకున్నట్టే ఎలా పట్టుకున్నారు?"

ఇంటావిడ బుట్ట మీది గుడ్డ తీసింది. లోపల అరచెయ్యంత ఉన్ని స్వెట్టరు. చేతులకు నాలుగేసి రంగుల పట్టీలు. ఎడమ చెయ్యిలో అన్నీ సమానంగా ఉన్నాయి. కుడి చెయ్యిలో మూడో పట్టీ ఒక్క పిసరు సన్నగా ఉంది.

"నీ శ్లోకానికో వరుస అల్లుతాను, గంట మోగగానే రంగు మారుస్తాను" అంది ఆవిడ, అల్లిక సూదులు చేతిలోకి తీసుకుంటూ. "నువ్వు ఒకటి మింగేసినప్పుడల్లా విప్పి మళ్ళీ అల్లుతున్నాను. ఇది పద్నాలుగోసారి. మా మనవరాలికి వచ్చే వారమే కాన్పు, ఆ బిడ్డకు ఒక చెయ్యి పొట్టిగానే వస్తోంది."