గోనెసంచి మనిషి

నర్సరీ గేటు దగ్గర ఆ మనిషి మళ్లీ గోనెసంచి దించాడు.

గుప్పున కంపు కొట్టింది.

"ఏముంది అందులో?" నర్సరీ ఇన్‌చార్జి ముక్కు మూసుకుంది.

"పంది పెంటమ్మా. అందులో మీరు మొలిపించాలని చూస్తున్న చెట్టు గింజలున్నాయి. ఒక్క మడిలో వేసి చూడండి."

"కడిగి, ఆరబెట్టి, మందు పట్టించి వేస్తేనే మొలవలేదు. నీ పెంటలోవి మొలుస్తాయా? ఇంకోసారి ఈ ఛాయలకు రాకు."

అతను తల గోక్కుని, సంచి అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు.

ఆవిడ చిరాకుకీ కారణముంది. ఆ చెట్టు ఈ దీవిలో తప్ప ఇంకెక్కడా లేదు. మిగిలినవి తొమ్మిది, అన్నీ ముసలివే. వాటి పండ్లు తినే పెద్ద పిట్టలు ఎప్పుడో అంతరించాయి. ఆరేళ్లుగా ఒక్క గింజా మొలకెత్తలేదు.

తప్పంతా ఒకప్పుడు ఓడల్లో వచ్చి దిగి, రాలిన పండ్లన్నీ మేసేస్తున్న పందులదేనని ఆవిడ నమ్మకం. అన్నిటినీ కాల్చేయాలని పట్టుబట్టి పైకి ఉత్తరం రాసింది. అవతలి ఒడ్డు నుంచి అటవీ ఆఫీసు వాళ్లు నెల గడువుతో వేటగాణ్ణి కూడా రప్పించారు.

మూడు వారాలు గడిచాయి.

"అమ్మాయ్, తిట్టనంటే ఒకటి చూపిస్తా" అన్నాడు తోటమాలి. ఆవిడకు వరసకు బాబాయి. చెప్పిన మాట వినే రకం కాదు.

పారేయమన్న సంచిని మూల మడిలో కుమ్మరించాడా పెద్దమనిషి. ఇప్పుడా మడి నిండా మొలకలు. బొమ్మల్లో తప్ప ఆవిడ ఎన్నడూ చూడని లేత ఆకులు.

ఆవిడ అక్కడే చతికిలబడింది. పిట్టలు వదిలేసి పోయిన పని పందులు చేస్తున్నాయి. వాటి కడుపులో పడితేనే గింజ పెంకు మెత్తబడుతోంది. వాటినే చంపమని తను రాసింది. గడువు ఈ రోజుతో సరి.

పరుగున వెళ్లి అటవీ ఆఫీసుకు ఫోన్ చేసింది.

"పందుల్ని కాల్చొద్దు. ఆపించండి."

"ఆపేదేముంది మేడం. వేటగాడు పొద్దున్నే వెళ్లిపోయాడు" అన్నాడు గుమాస్తా.



"ఎన్ని మిగిలాయి?"

"అన్నీ మిగిలాయి. నెలంతా అడవిలో తిరిగి ఒక్క తూటా పేల్చలేదు. చేతకానివాడని రాసి పంపించేశాం. ఇక ఎవరూ పిలిచి పని ఇవ్వరు."

అమ్మయ్య అనుకుంది. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"బాబాయ్, ఆ సంచి మనిషి ఎక్కడున్నా పట్టుకురా. చేతులు పట్టుకుని క్షమించమని అడగాలి."

"ఇంకెక్కడి మనిషమ్మా. పొద్దున రేవులో లాంచీ ఎక్కుతుంటే చూశాను" అన్నాడు బాబాయి. "భుజాన తుపాకీ ఉంది."