అక్కకి సీరియల్, చెల్లెలికి సిరీస్

ప్రతి ఇంటి టీవీ ఆ ఇంటివాళ్ళ బతుకునే నాటకంగా అల్లి చూపించే రోజులవి. హైమవతికి మూడేళ్ళుగా డైలీ సీరియలే వస్తోంది. అమ్మ కుట్టుమిషన్ కోసం చెల్లెలు సుగుణతో పడ్డ గొడవ అందులో ఇంకా సాగుతూనే ఉంది. సుగుణకి మాత్రం ఎనిమిది భాగాల సిరీస్ వచ్చి, చక్కగా ముగిసిందట. అది విని ఓర్వలేక, హైమవతి చెల్లెలికి ఫోన్ చేసింది.

"మన గొడవ ఎలా తేల్చారే?"

"నువ్వు తలుపు తీసి నన్ను వాటేసుకున్నావక్కా. టీవీ కల్పించిందని తెలిసినా ఏడ్చేశాను."

హైమవతికి ఇప్పుడు ఆ టీవీలోని అక్క మీద అసూయ పుట్టింది.

"అది నీకు అన్నం పెట్టిందా?"

"లేదు. అక్కడితో అయిపోయింది."

"అయితే నువ్విప్పుడే బయల్దేరు," అంది హైమవతి, పొయ్యి వెలిగిస్తూ.